ఒకే ఆవర్జా, రెండు చిట్టాలు: క్లస్టర్ డేటాబేసుల్లో రీడో లాగ్‌ల మార్పు, ఆర్కైవింగ్ - వివరణాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం:

ఒకే డేటాబేసును ఒకటికంటే ఎక్కువ కంప్యూటర్లు ఏకకాలంలో నడిపే క్లస్టర్ వ్యవస్థలో ప్రతి కంప్యూటరూ తాను చేసిన మార్పులను తన సొంత రీడో లాగ్‌లో రాసుకుంటుంది. నిండిన లాగ్‌ను విడిచి మరొకదానికి మారడం, విడిచినదానికి ప్రతి తీసి భద్రపరచడం అనే రెండు పనులు ఒక్క కంప్యూటర్ ఉన్నచోట సులభంగానే సాగిపోతాయి. క్లస్టర్‌లో మాత్రం, ఎక్కువ పనిచేసే కంప్యూటర్ సమాచారం దాదాపు పనిలేని కంప్యూటర్ లాగ్‌మీద ఆధారపడి నిలుస్తుంది. ఒరాకిల్ రియల్ అప్లికేషన్ క్లస్టర్స్ వ్యవస్థను ఆధారంగా తీసుకుని, ఈ ఆధారపడటానికి కారణమేమిటో, దాన్ని అదుపులో ఉంచే పద్ధతులేమిటో ఈ వ్యాసం వివరిస్తుంది.

కీలకపదాలు: డేటాబేస్, క్లస్టర్, రీడో లాగ్, లాగ్ స్విచ్, ఆర్కైవింగ్, థ్రెడ్, ఎస్‌సీఎన్, చిట్టా, ఆవర్జా.

1. ఉపోద్ఘాతం:

తెలుగు పరిశోధనకు ఆకరాలైన సామగ్రి క్రమంగా డేటాబేసుల్లోకి చేరుతున్నది. తాళపత్ర గ్రంథాల సూచికలు, సిద్ధాంత గ్రంథాల జాబితాలు, పాత పత్రికల ఛాయాప్రతులు, వీటితోపాటు విద్యార్థుల నమోదు, పరీక్షల ఫలితాలు అన్నీ అక్కడికే వెళ్తున్నాయి. వాడుకునేవారికి తెరమీద వెతుకుపెట్టె ఒక్కటే కనిపిస్తుంది. దాని వెనుక సమాచారం పోకుండా కాచే ఏర్పాటు ఏమిటన్న ప్రశ్న వచ్చినప్పుడు "బ్యాకప్ ఉంది" అన్న మాటతో చాలాసార్లు సంభాషణ ముగిసిపోతుంది. బ్యాకప్ అంటే నిన్న రాత్రి తీసిన ప్రతి. ఈ రోజు మధ్యాహ్నం డిస్కు చెడిపోతే, పొద్దుటినుంచి చేరిన సమాచారం ఆ ప్రతిలో ఉండదు. దాన్ని తిరిగి తెచ్చేది రీడో లాగ్, దానినుంచి తీసి దాచిన ఆర్కైవ్ ప్రతులు.

ఈ విషయాన్ని సాధారణ సూత్రాలుగా చెప్పుకుంటూపోతే అస్పష్టత మిగులుతుంది. అందుచేత ఒక నిర్దిష్ట వ్యవస్థను తీసుకుంటున్నాను. ఒరాకిల్ సంస్థ అంతకుముందున్న 'పారలల్ సర్వర్' స్థానంలో, 2001లో విడుదల చేసిన 9ఐ సంస్కరణతో 'రియల్ అప్లికేషన్ క్లస్టర్స్' అనే వ్యవస్థను ప్రవేశపెట్టింది. ఇందులో డేటాఫైళ్లు ఒక్కటే, అవి అందరికీ ఉమ్మడిగా ఉండే నిల్వలో ఉంటాయి. వాటిని తెరిచి పనిచేసే కంప్యూటర్లు రెండు, మూడు, ఇంకా ఎక్కువ కూడా ఉండవచ్చు. ఈ కంప్యూటర్లను నోడ్‌లనీ, ఒక్కో నోడ్‌లో నడిచే డేటాబేస్ ప్రక్రియల సముదాయాన్ని ఇన్‌స్టెన్స్ అనీ అంటారు. ఒక నోడ్ ఆగిపోయినా మిగిలినవి పని కొనసాగించడం ఈ ఏర్పాటు ఉద్దేశం.

2. పరిభాష:

'రీడో లాగ్' అన్న మాటకు 'పునఃకరణ నమోదు పట్టిక' వంటి సంస్కృత సమాసాన్ని కల్పించడం కష్టం కాదు. కాని దానివల్ల అర్థం తేటపడదు. తెలుగు లెక్కల సంప్రదాయంలోనే ఇంతకంటే దగ్గరి మాటలున్నాయి. వ్యాపారి రోజువారీ వ్యవహారాలను జరిగిన వరుసలో జరిగినట్టుగా రాసుకునేది చిట్టా. ఆ పద్దులను తరవాత తీరికగా, ఖాతాలవారీగా ఎక్కించేది ఆవర్జా. ఫలానా ఆసామీ బాకీ ఎంతో తెలియాలంటే ఆవర్జా చూస్తారు. ఆ అంకె ఎలా వచ్చిందో తెలియాలంటే చిట్టాకు వెళ్తారు. ఆవర్జా తడిసిపోయినా చిట్టాలన్నీ ఉంటే దాన్ని మళ్లీ రాసుకోవచ్చు. చిట్టాలు పోయి ఆవర్జా ఒక్కటే మిగిలితే, ఇంకా అందులోకి ఎక్కని పద్దులు పోయినట్టే.

డేటాఫైల్ ఆవర్జా, రీడో లాగ్ చిట్టా. ఈ పోలిక చాలాదూరం నిలుస్తుంది. అందుకే వ్యాసంలో రీడో లాగ్, లాగ్ స్విచ్, ఆర్కైవ్ వంటి వాడుకలో ఉన్న మాటలనే ఉంచి, వివరణకు మాత్రం చిట్టాను ఆశ్రయించాను. 'ఆర్కైవ్' విషయంలో ఒక జాగ్రత్త అవసరం. సాహిత్య పరిశోధకులకు ఆర్కైవ్ అనగానే శాశ్వతంగా దాచవలసిన అమూల్య పత్రాలు గుర్తుకొస్తాయి. డేటాబేసు ఆర్కైవ్ లాగ్‌లు అటువంటివి కావు. బ్యాకప్‌లోకి చేరి, అవసరమైన గడువు దాటిన తరవాత వాటిని తీసివేస్తారు.

3. లాగ్ నిండటం, మారటం:

మార్పును ముందు లాగ్‌లో రాసి, తరవాతే అసలు స్థానంలో రాయాలన్న నియమం డేటాబేస్ శాస్త్రంలో పాతదే. 1992లో ఐబీఎం ఆల్మడెన్ పరిశోధన కేంద్రానికి చెందిన సి. మోహన్, సహరచయితలు ప్రచురించిన 'ఏరీస్' పద్ధతి ఈ నియమాన్ని సమగ్రంగా సూత్రీకరించింది. ఒరాకిల్ అమలు వివరాలు వేరైనా మూలసూత్రం ఇదే.

వినియోగదారుడు ఒక వరుసను మార్చినప్పుడు ఆ మార్పు మొదట జ్ఞాపకశక్తిలో ఉన్న బ్లాకులో జరుగుతుంది. ఏ బ్లాకులో ఏం మారిందో తెలిపే రీడో పద్దు లాగ్ బఫర్‌లో చేరుతుంది. లావాదేవీని ఖాయం చేయగానే, అంటే కమిట్ అనగానే, లాగ్ రైటర్ అనే ప్రక్రియ ఆ పద్దులను డిస్కుమీది రీడో లాగ్‌లో రాస్తుంది. రాయడం పూర్తయ్యాకే వినియోగదారుడికి 'అయింది' అన్న సమాధానం వెళ్తుంది. మారిన బ్లాకులు డేటాఫైళ్లలోకి ఎప్పుడు చేరతాయన్నది వేరే సంగతి. అవి కాసేపాగి చేరినా ప్రమాదం లేదు, చిట్టాలో పద్దు పడింది కాబట్టి.

పద్దు పరిమాణం గురించి తెలుగువారికి ఆసక్తి కలిగించే వివరం ఒకటుంది. యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు సంకేతం ఒక్కొక్కటి 3 బైట్లు తీసుకుంటుంది. 'తెలుగు' అన్న మాటలో హల్లులు, గుణింతపు గుర్తులు కలిపి 6 సంకేతాలు, అంటే 18 బైట్లు. ఆంగ్ల అక్షరానికి ఒక బైటు చాలు. తెలుగు పాఠాన్ని దాచే డేటాబేసులో లాగ్ పరిమాణాన్ని అంచనా వేసేటప్పుడు ఈ తేడాను లెక్కలోకి తీసుకోవాలి.

రీడో లాగ్‌లు గ్రూపులుగా ఉంటాయి. కనీసం రెండు గ్రూపులు తప్పనిసరి. ఒక్కో గ్రూపులో ఒకే సమాచారం గల రెండు ఫైళ్లను వేరువేరు డిస్కులమీద ఉంచడం మంచి పద్ధతి. మొదటి గ్రూపు నిండగానే లాగ్ రైటర్ రెండోదానికి మారుతుంది. ఇదే లాగ్ స్విచ్. చివరి గ్రూపు కూడా నిండితే మళ్లీ మొదటిదానికే వచ్చి దానిమీద రాస్తుంది. చిట్టా పుస్తకాలు మూడే ఉండి, వాటినే చుట్టుతిప్పుకుంటూ తుడిచి రాసుకుంటున్నట్టు. మారిన ప్రతిసారీ కొత్త క్రమసంఖ్య పడుతుంది. గ్రూపులు మూడే అయినా క్రమసంఖ్య 1, 2, 3 నుంచి వేలదాకా పెరుగుతూ పోతుంది. పుస్తకాన్ని గుర్తించేది గ్రూపు సంఖ్య కాదు, ఈ క్రమసంఖ్యే.

తిరిగి రాయడానికి రెండు షరతులున్నాయి. ఆ గ్రూపులోని పద్దులకు చెందిన బ్లాకులన్నీ డేటాఫైళ్లలోకి చేరి ఉండాలి. ఆర్కైవింగ్ అమలులో ఉంటే దాని ప్రతి కూడా తీసి ఉండాలి. ఈ రెండింటిలో ఏది పూర్తికాకపోయినా లాగ్ రైటర్ ఆగుతుంది, దానితోపాటు మార్పులు చేయదలచినవారందరూ ఆగుతారు. అలర్ట్ లాగ్‌లో 'చెక్‌పాయింట్ నాట్ కంప్లీట్' అన్న సందేశం తరచుగా కనిపిస్తే, లాగ్‌లు మరీ చిన్నవనో, గ్రూపులు తక్కువనో, డిస్కు నెమ్మదనో అనుమానించాలి. స్విచ్‌లు 20 నిమిషాలకొకటికంటే తరచుగా జరగకుండా చూసుకోవడం ఒరాకిల్ సూచించే స్థూలమైన కొలమానం. గంటకు 3 గిగాబైట్ల రీడో పుట్టే ఇన్‌స్టెన్స్‌కు ఒక్కో లాగ్ 1 గిగాబైటు ఉంటే ఈ లెక్క సరిపోతుంది. కొలత తీసుకోవలసింది రద్దీ వేళలో. పగటి సగటు తీసుకుంటే, ఫలితాలు విడుదలైన రోజు వ్యవస్థ ఊపిరాడక నిలిచిపోతుంది.

4. ఆర్కైవింగ్:

నిండిన గ్రూపుమీద తిరిగి రాయకముందే దాని ప్రతిని వేరేచోట దాచే పని ఆర్కైవర్ ప్రక్రియలది. ఆర్కైవింగ్ లేని డేటాబేసు కరెంటుపోతే తేరుకోగలదు, డిస్కుపోతే తేరుకోలేదు. చివరి బ్యాకప్ తీసిన క్షణానికి వెనక్కు వెళ్లడం తప్ప దానికి దారి లేదు. క్లస్టర్‌లో ఆర్కైవింగ్‌ను ప్రారంభించాలంటే డేటాబేసును అన్ని ఇన్‌స్టెన్స్‌లలోనూ మూసి, ఒక్కదానిలో మాత్రం మౌంట్ స్థితికి తెచ్చి, 'ఆల్టర్ డేటాబేస్ ఆర్కైవ్‌లాగ్' అన్న ఆజ్ఞ ఇస్తారు. తరవాత అన్నింటినీ తెరుస్తారు.

ప్రతి పేరులో మూడు సంఖ్యలు ఉండితీరాలి: థ్రెడ్ సంఖ్య, క్రమసంఖ్య, రీసెట్‌లాగ్స్ గుర్తింపు సంఖ్య. క్రమసంఖ్య సంగతి పైన చెప్పాం. మూడోది, అసంపూర్ణ పునరుద్ధరణ తరవాత క్రమసంఖ్య మళ్లీ ఒకటినుంచి మొదలైనప్పుడు పాత ఒకటో సంఖ్యకూ కొత్త ఒకటో సంఖ్యకూ తేడా తెలిపేది. మొదటిది క్లస్టర్‌కు ప్రాణం. దాన్ని తరవాతి భాగం చెబుతుంది.

ఆర్కైవ్‌లకు చోటు అయిపోవడం ఈ రంగంలో అతి సాధారణమైన ఆపద. తప్పనిసరిగా ప్రకటించిన గమ్యస్థానంలో చోటు లేకపోతే ప్రతి తీయడం ఆగుతుంది. ప్రతి తీయని గ్రూపుదాకా లాగ్ రైటర్ తిరిగివచ్చి అక్కడే నిలుస్తుంది. వినియోగదారులకు ఓఆర్ఏ-00257 అన్న సందేశం వస్తుంది. డేటాబేసు చెడిపోలేదు, ఒక్క పద్దూ పోలేదు. అది తన నియమాన్ని పాటిస్తూ నిలబడిపోయింది, అంతే. క్లస్టర్‌లో అందరికీ ఉమ్మడిగా ఒకే ఆర్కైవ్ ప్రాంతం ఉంటే ఈ ఆపద అన్ని నోడ్‌లనూ ఆపుతుంది. అప్పుడు కంగారుపడి ఆపరేటింగ్ సిస్టమ్ ద్వారా ఫైళ్లను తుడిచేస్తే రెండు నష్టాలు కలుగుతాయి. బ్యాకప్ కాని ఆర్కైవ్‌లు పోవచ్చు. పైగా, ఆ ప్రాంతం ఒరాకిల్ నిర్వహించే రికవరీ ఏరియా అయితే, ఫైళ్లు పోయిన సంగతి డేటాబేసుకు తెలియదు కనుక చోటు ఖాళీ అయినట్టు అది లెక్కవేయదు. ఆర్‌మ్యాన్ అనే బ్యాకప్ సాధనం ద్వారా ఆర్కైవ్‌లను బ్యాకప్ తీసి దానిచేతనే తుడిపించడం, లేదా డిస్కులో నిజంగా చోటుంటే రికవరీ ఏరియాకు కేటాయించిన పరిమితిని పెంచడం సరైన మార్గాలు.

5. క్లస్టర్‌లో థ్రెడ్‌లు:

ఒకే దుకాణంలో ఇద్దరు గుమాస్తాలు రెండు కౌంటర్లలో కూర్చున్నారనుకుందాం. ఆవర్జా ఒక్కటే. చిట్టా కూడా ఒక్కటే ఉంటే, ఒకరు రాస్తున్నంతసేపూ మరొకరు చేతులు కట్టుకుని నిలబడాలి. కాబట్టి ఎవరి చిట్టా వారిది. క్లస్టర్‌లో ప్రతి ఇన్‌స్టెన్స్‌కూ కనీసం రెండు గ్రూపులుగల సొంత రీడో లాగ్‌ల వరుస ఉంటుంది. ఈ వరుసనే రీడో థ్రెడ్ అంటారు. ఒకటో థ్రెడ్‌లో క్రమసంఖ్య 840 నడుస్తుండగా రెండోదానిలో 212 నడుస్తుండవచ్చు. రెండు వరుసలు ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా పెరుగుతాయి. ఆర్కైవ్ పేరులో థ్రెడ్ సంఖ్య లేకపోతే ఒకటో థ్రెడ్ 212కూ రెండో థ్రెడ్ 212కూ తేడా ఉండదు.

చిట్టాలు వేరైనా ఎవరి చిట్టాను వారు ఇంటికి తీసుకుపోవడానికి వీల్లేదు. రీడో లాగ్‌లన్నీ ఉమ్మడి నిల్వలోనే ఉండాలి. ఒక నోడ్ హఠాత్తుగా ఆగిపోతే, బతికున్న నోడ్ దాని థ్రెడ్‌ను చదివి, డేటాఫైళ్లలోకి ఎక్కని మార్పులను ఎక్కించి, ఖాయం కాని లావాదేవీలను రద్దుచేస్తుంది. ఈ పనికి ఆర్కైవ్‌లు అక్కరలేదు, ఆగిపోయిన నోడ్‌తోనూ పనిలేదు.

అసలు చిక్కు మరోచోట ఉంది. 9ఐ నుంచి ఒక నోడ్ జ్ఞాపకశక్తిలో ఉన్న బ్లాకును మరో నోడ్ అడిగితే, దాన్ని డిస్కుకు రాయకుండానే నెట్‌వర్క్ ద్వారా నేరుగా పంపించే పద్ధతి అమలులో ఉంది. పంపేముందు ఆ బ్లాకుకు సంబంధించిన రీడో తన లాగ్‌లో చేరేలా పంపే నోడ్ చూసుకుంటుంది. ఒక బ్లాకులో ఉదయం పదింటికి ఒకటో నోడ్ మార్పు చేసింది, పదీ అయిదుకు రెండో నోడ్, పదీ పదికి మళ్లీ ఒకటో నోడ్ చేశాయనుకుందాం. ఆ బ్లాకు చరిత్రలో మొదటి పద్దు, మూడో పద్దు ఒకటో చిట్టాలో ఉంటాయి. మధ్యది రెండో చిట్టాలో ఉంటుంది. ఏ ఒక్క చిట్టా చదివినా ఆ బ్లాకు చరిత్ర పూర్తికాదు.

రెండు చిట్టాలను కలిపి చదవాలంటే ఏ పద్దు ముందో ఏది వెనుకో తెలియాలి. రెండు కంప్యూటర్ల గడియారాలు క్షణాల్లో వందోవంతుదాకా ఒకే సమయం చూపుతాయన్న నమ్మకం లేదు. 1978లో లెస్లీ లాంపోర్ట్ ఈ సమస్యకు గడియారం అవసరంలేని పరిష్కారం చూపాడు. ప్రతి యంత్రమూ ఒక సంఖ్యను పెంచుకుంటూ పోవాలి, ఇతరులకు పంపే ప్రతి సందేశంలో దాన్ని జతచేయాలి, అందుకున్న సంఖ్య తనదానికంటే పెద్దదైతే తన సంఖ్యను అంతకు పైకి జరుపుకోవాలి. ఒరాకిల్‌లో ఈ స్థానం సిస్టమ్ ఛేంజ్ నంబర్‌ది, క్లుప్తంగా ఎస్‌సీఎన్‌ది. ప్రతి రీడో పద్దుకూ ఎస్‌సీఎన్ ఉంటుంది. పునరుద్ధరణ సమయంలో అన్ని థ్రెడ్‌ల ఆర్కైవ్‌లనూ ఏకకాలంలో తెరిచి, ఎస్‌సీఎన్ వరుసలో పద్దులను పేనుకుంటూ వెళ్తారు. థ్రెడ్ అంటే దారం కాబట్టి పేనడం అన్న మాట ఇక్కడ బాగానే కుదిరింది.

6. పని తక్కువైన నోడ్ తెచ్చిపెట్టే నష్టం:

ఇక్కడొక ఉదాహరణ కల్పించుకుని చూడాలి. ఒక విశ్వవిద్యాలయానికి రెండు నోడ్‌ల క్లస్టర్ ఉంది. ఒకటో నోడ్ పరీక్ష రుసుముల చెల్లింపులు స్వీకరిస్తుంది. రెండో నోడ్‌లో సిబ్బంది సెలవుల నమోదు వంటి కొద్దిపాటి పని జరుగుతుంది. రుసుము చెల్లింపునకు గడువు ముగిసే రోజు. ఒకటో నోడ్‌లో ప్రతి 20 నిమిషాలకు లాగ్ మారుతున్నది, ఆర్కైవ్ ప్రతులు వేరే నిల్వలో చేరుతున్నాయి. రెండో నోడ్‌లో 211వ లాగ్ ఉదయం 9 గంటల 40 నిమిషాలకు నిండి 212కు మారింది. 212 సాయంత్రందాకా నాలుగో వంతు కూడా నిండలేదు. సాయంత్రం 4 గంటల 10 నిమిషాలకు ఉమ్మడి నిల్వ పూర్తిగా చెడిపోయింది. డేటాఫైళ్లు, రెండు థ్రెడ్‌ల ప్రస్తుత లాగ్‌లు అన్నీ పోయాయి. రాత్రి తీసిన బ్యాకప్, వేరే నిల్వలోని ఆర్కైవ్‌లు మిగిలాయి.

ఒకటో థ్రెడ్ ఆర్కైవ్‌లు సాయంత్రం 4 గంటలదాకా ఉన్నాయి. రెండో థ్రెడ్ ఆర్కైవ్‌లు ఉదయం 9 గంటల 40 నిమిషాలదాకా మాత్రమే. ఎక్కడిదాకా పునరుద్ధరించవచ్చు? నాలుగింటిదాకా అన్నది తొందరపాటు సమాధానం. 9 గంటల 40 నిమిషాలదాకా మాత్రమే అన్నది సరైన సమాధానం. పునరుద్ధరణ ఆ క్షణపు ఎస్‌సీఎన్ వద్దకు రాగానే రెండో థ్రెడ్ 212 కావాలని అడుగుతుంది. అది లేదు. ఆ తరవాత ఒకటో థ్రెడ్‌లోని పద్దులు ఎక్కిస్తే, వాటి మధ్య రెండో నోడ్ చేసిన మార్పేదైనా తప్పిపోయిందో లేదో తెలుసుకునే దారి లేదు. తప్పిపోయిన మార్పు సెలవుల పట్టికలోదే అయి ఉండవచ్చు. రెండు నోడ్‌లూ ఉమ్మడిగా వాడుకునే సూచికలోనో, ఖాళీ చోట్ల లెక్కలోనో జరిగినదైనా కావచ్చు. అందువల్ల వ్యవస్థ అక్కడితో ఆగుతుంది. ఆరు గంటలకు పైగా విద్యార్థులు కట్టిన రుసుముల పద్దులు ఆర్కైవ్‌లో భద్రంగా ఉండి కూడా ఉపయోగపడవు. బ్యాంకు దగ్గర డబ్బు చేరినట్టుంటుంది, విశ్వవిద్యాలయం దగ్గర కట్టినట్టుండదు. హాల్‌టికెట్ రాని విద్యార్థికి రెండో థ్రెడ్ గురించి చెప్పి ప్రయోజనం లేదు.

ఒకటో నోడ్‌కు ఎంత మంచి డిస్కు కొన్నా, లాగ్ పరిమాణాన్ని ఎంత చక్కగా లెక్కించినా ఈ నష్టం తప్పదు. లోపం ఉన్నది ఎవరూ పట్టించుకోని నోడ్‌లో. సాధారణంగా పర్యవేక్షణ అంతా రద్దీ ఉన్నచోట కేంద్రీకృతమవుతుంది. 'లాగ్‌లు మరీ తరచుగా మారుతున్నాయి' అన్న ఫిర్యాదు వినిపిస్తుంది. 'ఈ నోడ్‌లో లాగ్ పొద్దుటినుంచి మారలేదు' అన్న ఫిర్యాదు ఎవరూ చేయరు, ఎందుకంటే దానివల్ల ఎవరి పనీ ఆగదు.

ఒరాకిల్ రూపకర్తలు ఈ సంగతిని ఎరగనివారు కారు. కంట్రోల్ ఫైల్‌లో ఒక నిర్బంధ ఆర్కైవింగ్ ఎస్‌సీఎన్ ఉంటుంది. వీడాలర్ డేటాబేస్ అన్న దృశ్యంలో 'ఆర్కైవ్ ఛేంజ్' అన్న నిలువు వరుసలో దాన్ని చూడవచ్చు. దానికంటే వెనుకటి ఎస్‌సీఎన్‌తో మొదలైన లాగ్ ఏ థ్రెడ్‌లో మిగిలి ఉన్నా దాన్ని బలవంతంగా మార్చి ఆర్కైవ్ చేయిస్తారు. ఇన్‌స్టెన్స్ మూతపడినా థ్రెడ్ అమలులో ఉంటే దానికీ ఇది వర్తిస్తుంది. అయితే ఈ రక్షణ ఎస్‌సీఎన్‌ల దూరాన్ని బట్టి పనిచేసేదే తప్ప గంటలను బట్టి పనిచేసేది కాదు. ఎంత సమాచారం పోయినా భరించగలమన్న నిర్ణయాన్ని సంస్థలు గంటల్లో, నిమిషాల్లో తీసుకుంటాయి.

ఆ నిర్ణయాన్ని నేరుగా చెప్పగలిగే పారామీటర్ 'ఆర్కైవ్ ల్యాగ్ టార్గెట్'. తెలుగు లిపిలో రాసేటప్పుడు ఒక యవత్తు మాత్రమే తేడా అయిన లాగ్, ల్యాగ్ అన్న ఈ రెండు మాటలు చాలా గందరగోళం కలిగిస్తాయి. మొదటిది చిట్టా, రెండోది ఆలస్యం. దీని విలువ సెకన్లలో ఉంటుంది. 0 అంటే అమలులో లేదని అర్థం, అదే సహజ విలువ. అమలు చేస్తే 60 నుంచి 7200 దాకా ఇవ్వవచ్చు. 1800, అంటే అరగంట, సాధారణంగా సూచించే విలువ. ఆ గడువు దాటేలోగా లాగ్ నిండకపోయినా మారుతుంది. క్లస్టర్‌లో వెనుకబడిన ఇతర థ్రెడ్‌లను కూడా ఇది మార్పుకు పురికొల్పుతుంది. ఒక నోడ్‌లో పని ఎక్కువ, మరోదానిలో తక్కువ ఉన్నచోట దీని ఉపయోగం ఎక్కువ. విలువ అన్ని ఇన్‌స్టెన్స్‌లలోనూ ఒకటే కావాలి. పై ఉదాహరణలో 1800 పెట్టి ఉంటే నష్టం ఆరున్నర గంటలనుంచి సుమారు అరగంటకు తగ్గేది.

మరీ చిన్న విలువ కూడా మంచిది కాదు. 60 సెకన్లు పెడితే రోజుకు ఒక్కో థ్రెడ్‌లో 1440 స్విచ్‌లు జరుగుతాయి. అన్ని చిన్న ఫైళ్లు పుడతాయి, ప్రతి స్విచ్‌కూ కొంత శ్రమ ఉంటుంది, కంట్రోల్ ఫైల్‌లోని చరిత్ర వరుసలు త్వరగా నిండుతాయి. పోస్ట్‌గ్రేస్ వాడేవారికి ఇదే సమస్య 'ఆర్కైవ్ టైమవుట్' అన్న పేరుతో పరిచయం. అక్కడ లాగ్ ముక్క సహజ పరిమాణం 16 మెగాబైట్లు. గడువు తీరినందువల్ల సగంలో మార్చినా ఆర్కైవ్ ఫైలు పూర్తి 16 మెగాబైట్లూ ఉంటుంది. అందుచేత చిన్న గడువు పెట్టేవారికి డిస్కు ఖర్చు వెంటనే తెలిసివస్తుంది.

7. పోలికగల రెండు ఆజ్ఞలు:

లాగ్‌ను చేత్తో మార్చవలసిన సందర్భాలు కొన్ని వస్తాయి. బ్యాకప్ పూర్తయిన వెంటనే, ఆ బ్యాకప్ జరుగుతున్నంతసేపూ పుట్టిన రీడో అంతా ఆర్కైవ్‌లోకి చేరాలి. లేకపోతే తెరిచి ఉన్న డేటాబేసునుంచి తీసిన బ్యాకప్‌ను ఒక నిలకడైన స్థితికి తేవడం సాధ్యం కాదు. ఇందుకు రెండు ఆజ్ఞలున్నాయి. ఒకే నోడ్ ఉన్నచోట రెండూ దాదాపు ఒకే ఫలితమిచ్చేట్టు కనిపిస్తాయి. అందువల్ల క్లస్టర్‌లోనూ ఒకదానికి బదులు ఒకటి వాడటం జరుగుతుంది.

'ఆల్టర్ సిస్టమ్ స్విచ్ లాగ్‌ఫైల్' అన్నది ఆజ్ఞ ఇచ్చిన ఇన్‌స్టెన్స్ థ్రెడ్‌ను మాత్రమే మారుస్తుంది. ఆర్కైవ్ పూర్తయ్యేదాకా ఆగకుండా వెంటనే చేతికి వస్తుంది. 'ఆల్టర్ సిస్టమ్ ఆర్కైవ్ లాగ్ కరెంట్' అన్నది, థ్రెడ్ సంఖ్య ప్రత్యేకంగా చెప్పకపోతే, అమలులో ఉన్న అన్ని థ్రెడ్‌ల ప్రస్తుత లాగ్‌లనూ మార్చి, ప్రతులు తీయడం పూర్తయ్యాకే చేతికి వస్తుంది. బ్యాకప్ చివర మొదటి ఆజ్ఞను ఒకటో నోడ్‌నుంచి ఇచ్చి, వెంటనే ఆర్కైవ్‌లను టేపుకు పంపితే రెండు లోపాలు కలిసివస్తాయి: రెండో థ్రెడ్ ప్రస్తుత లాగ్ అసలు మారలేదు, ఒకటో థ్రెడ్ ప్రతి ఇంకా పూర్తి కాకపోవచ్చు. బ్యాకప్ 'విజయవంతం' అన్న నివేదిక మాత్రం వస్తుంది. క్లస్టర్‌లో వాడవలసింది రెండో ఆజ్ఞే. ఏ థ్రెడ్ ఎక్కడిదాకా వచ్చిందో వీడాలర్ లాగ్ అన్న దృశ్యంలో థ్రెడ్, క్రమసంఖ్య, స్థితి, ఆర్కైవ్ అయిందా లేదా అన్న నిలువు వరుసలు చూపుతాయి.

8. ప్రతులు ఎక్కడ దాచాలి:

రీడో లాగ్‌లు ఉమ్మడి నిల్వలో ఉండటం నియమం. ఆర్కైవ్ ప్రతుల విషయంలో అంతటి నిర్బంధం లేదు. ఏ నోడ్ ప్రతులు ఆ నోడ్ సొంత డిస్కులోనే ఉంచుకోవచ్చు. ఇది చౌక, పాత వ్యవస్థల్లో కనిపించే పద్ధతి. కాని పునరుద్ధరణ చేసే నోడ్‌కు అన్ని థ్రెడ్‌ల ప్రతులూ కావాలని పైన చూశాం. రెండో నోడ్ యంత్రమే కాలిపోతే దాని డిస్కులోని ప్రతులు అందవు, ఒకటో నోడ్ ప్రతులు ఒంటరిగా పనికిరావు. బ్యాకప్ కూడా ప్రతి నోడ్‌కూ విడిగా అనుసంధానమై తీయాలి. ఒకదాన్ని మరచినా తెలిసేది అవసరం పడినరోజే. ఉమ్మడి ఆర్కైవ్ ప్రాంతమే మేలన్నది నా అభిప్రాయం, అదీ డేటాఫైళ్లున్న నిల్వకు భిన్నమైన నిల్వలో. రెండింటినీ ఒకే పెట్టెలో పెడితే చిట్టా, ఆవర్జా కలిసే తడుస్తాయి.

9. చిట్టాకు ఎక్కని ఛాయాప్రతులు:

లాగ్‌లను ఎంత పద్ధతిగా నిర్వహించినా, అసలు లాగ్‌లో రాయకుండా జరిగే మార్పులను అవి కాపాడలేవు. తాళపత్రాలనూ, పాత సంచికలనూ చిత్రాలుగా డేటాబేసులోకి ఎక్కించేచోట ఈ సంగతి నేరుగా వర్తిస్తుంది. వేలాది పుటల చిత్రాలను ఒకేసారి ఎక్కిస్తే రీడో విపరీతంగా పుడుతుంది. లాగ్‌లు నిమిషానికొకటి మారతాయి, ఆర్కైవ్ ప్రాంతం నిండుతుంది. పని వేగంగా ముగియాలని ఆ పట్టికకో, చిత్రాల నిలువు వరుసకో 'నోలాగింగ్' లక్షణం పెడతారు. అప్పుడు చిత్రాల బైట్లు రీడోలో చేరవు, ఫలానా బ్లాకులు మారాయన్న గుర్తు మాత్రమే చేరుతుంది.

ఆ తరవాత కొత్త బ్యాకప్ తీయకముందే డిస్కు పోయి, పాత బ్యాకప్‌నుంచి పునరుద్ధరిస్తే ఏ ఆర్కైవ్ తక్కువ కాకుండానే పని పూర్తవుతుంది. డేటాబేసు తెరుచుకుంటుంది. సూచికలో గ్రంథం పేరు, కర్త పేరు, పుటల సంఖ్య అన్నీ సరిగా కనిపిస్తాయి. ఎవరో ఒక పరిశోధకుడు పుట చిత్రాన్ని తెరవబోయినప్పుడు ఓఆర్ఏ-01578, దానివెంట ఓఆర్ఏ-26040 అన్న సందేశాలు వస్తాయి. ఆ బ్లాకు లాగ్ లేకుండా ఎక్కించినదనీ, చదవడానికి వీలుకాదనీ వాటి అర్థం. పునరుద్ధరణ జరిగిన ఎన్ని నెలల తరవాతనైనా ఇది బయటపడవచ్చు. ఈలోగా పాత బ్యాకప్‌ల గడువు తీరి ఉంటుంది, చిత్రాలు తీసిన తాత్కాలిక డిస్కులు ఇతర పనులకు వెళ్లిపోయి ఉంటాయి.

డేటాబేసు స్థాయిలో 'ఫోర్స్ లాగింగ్' పెడితే, పట్టికల్లో నోలాగింగ్ అని ఉన్నా దాన్ని పట్టించుకోకుండా మార్పులన్నీ రీడోలో చేరతాయి. ఎక్కింపు నెమ్మదిస్తుంది, ఆర్కైవ్‌కు చోటు ముందుగా చూసుకోవాలి. అది కుదరకపోతే ఎక్కింపు ముగిసిన రోజే సంబంధిత డేటాఫైళ్లకు కొత్త బ్యాకప్ తీయాలి. ఏ ఫైళ్లు ఇలా రక్షణ లేకుండా ఉన్నాయో ఆర్‌మ్యాన్‌లో 'రిపోర్ట్ అన్‌రికవరబుల్' అన్న ఆజ్ఞ చూపుతుంది. బ్యాకప్ తీసిన వెంటనే ఆ ఫైలు పేరు జాబితానుంచి తొలగిపోతుంది. మన గ్రంథాలయాల డిజిటలీకరణ పనుల్లో పత్రాలను అప్పగించేవారు, స్వీకరించేవారు సంతకం చేసే కాగితాలకు ఈ నివేదికను కూడా జతచేయమని అడగవచ్చు. అది ఒక్క పంక్తి ఆజ్ఞ, జవాబు ఖాళీగా రావాలి.